విమాన ఇంటీరియర్ పనులకు ప్రోగ్రామ్ మేనేజర్‌ను ఎంచుకోవడం ఎలా

అనంతపురంలోనో, పక్కనే పెనుకొండ, హిందూపురంలోనో ఉండి విమానాల క్యాబిన్ పనులు పట్టుకోవాలనుకునే కంపెనీకి మిషన్లు కొనడం పెద్ద కష్టం కాదు. ఎర్రమంచిలో కియా ప్లాంటు 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పటి నుంచి కార్ల సీట్లు, ట్రిమ్, ఫోమ్ పనిలో చేయి తిరిగినవాళ్లు చుట్టుపక్కలే దొరుకుతున్నారు. దేవనహళ్లి విమానాశ్రయానికి 44వ నంబరు జాతీయ రహదారి మీద నేరుగా పోవచ్చు. పొద్దున్నే బయల్దేరి కస్టమర్‌ను కలిసి రాత్రికి ఇల్లు చేరొచ్చు. పని కూడా ఉంది: ఎయిర్ ఇండియా ఒక్కటే తన పాత బోయింగ్ 787, 777 విమానాల లోపలి భాగాలు మార్చడానికి 40 కోట్ల డాలర్లు పెడతామని 2022 డిసెంబర్‌లో ప్రకటించింది. దొరకనిదల్లా ఈ పనిని మొదటి మీటింగ్ నుంచి విమానం మళ్లీ ఎగిరే దాకా మోసే ప్రోగ్రామ్ మేనేజర్.

విమానం లోపలి పనిలో వస్తువు సగం, కాగితం సగం. సీటు కవరు ఎంత చక్కగా కుట్టినా, ఆ బట్ట మంట పరీక్ష పాసైనట్టు రిపోర్టు లేకపోతే అది విమానం ఎక్కదు. ప్యానెల్ కొలతలన్నీ సరిగ్గా ఉన్నా, రిలీజ్ సర్టిఫికెట్ (భాగం విమానంలో వాడొచ్చని ధ్రువీకరించే పత్రం) మీద పార్ట్ నంబరు రివిజన్ ఒక అక్షరం తేడా వస్తే హ్యాంగర్‌లో స్టోర్స్ వాళ్లు పక్కన పెట్టేస్తారు. అందుకని ఇంటర్వ్యూ మొత్తం ఒక్క సంగతి చుట్టూ తిరగాలి. ఈ అభ్యర్థి భాగం తయారయ్యే తేదీని చూసుకుని ప్లాన్ వేస్తారా, దానికి ఆమోదం వచ్చే తేదీని చూసుకుని వేస్తారా? ఆమోదం తేదీని ముందు రాసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకునేవాళ్లు కావాలి. మిగతావన్నీ నేర్పొచ్చు. ఈ అలవాటు నేర్పడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, ఆలోగా కస్టమర్ పోతాడు.

ముందు మీ పని ఏదో తేల్చుకోండి

ప్రకటన రాయకముందే యజమాని, ఇంజనీరింగ్ హెడ్, క్వాలిటీ హెడ్ ముగ్గురూ కూర్చుని ఒక ప్రశ్నకు జవాబు రాసుకోవాలి: డిజైన్ ఎవరిది? కస్టమర్ ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారం భాగం చేసి ఇవ్వడమే మీ పని అయితే, ఉత్పత్తి, ఫస్ట్ ఆర్టికల్ తనిఖీ (మొదట తయారైన భాగాన్ని డ్రాయింగ్‌తో పోల్చి చూడటం), సప్లయర్లు, షిప్పింగ్ బాగా తెలిసినవారు చాలు. కార్ల రంగం నుంచి వచ్చినవారు కూడా ఆరు నెలల్లో కుదురుకుంటారు. డిజైన్ కూడా మీదే అయితే లెక్క మారుతుంది. అప్పుడు సర్టిఫికేషన్ ప్లాన్, పరీక్షల ప్లాన్, డిజైన్ సమీక్షలు ఒకసారైనా మొదటి నుంచి చివరి దాకా చూసినవారు తప్పనిసరి. విమానంలో మార్పు మొత్తానికీ, అంటే సప్లిమెంటల్ టైప్ సర్టిఫికెట్‌కీ మీరే బాధ్యులైతే, విమానయాన నియంత్రణ సంస్థలతో, అంటే మన డీజీసీఏతోనో, యూరప్ యాసాతోనో, అమెరికా ఎఫ్‌ఏఏతోనో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపిన అనుభవం కావాలి. అలాంటివారు ఈ చుట్టుపక్కల దొరకరు. బెంగళూరు, హైదరాబాద్ నుంచి పిలిపించుకోవాలి, ఆ స్థాయి జీతమే ఇవ్వాలి.

ఇది తేల్చుకోకుండా ‘విమాన రంగంలో పదేళ్ల అనుభవం’ అని ప్రకటన వేస్తే ఇంజన్ ఓవర్‌హాల్ నుంచి, ఏవియానిక్స్ సాఫ్ట్‌వేర్ నుంచి, ఎయిర్‌పోర్టు నిర్మాణం నుంచి కూడా దరఖాస్తులు వచ్చి పడతాయి. ప్రకటనలో మూడు విషయాలు సూటిగా రాయండి: ఏ వస్తువులు (సీట్లు, గ్యాలీలు అనే వంటగదులు, లావెటరీలు, పార్టిషన్లు, సైడ్‌వాల్ ప్యానెళ్లు, కార్పెట్లు, కర్టెన్లు), డిజైన్ బాధ్యత ఎవరిది, ఉద్యోగం ఏ ఊళ్లో. ఊరి పేరు దాచి తర్వాత చెప్పడం వల్ల ఎవరికీ లాభం లేదు. ఆఫర్ ఇచ్చాక ‘బెంగళూరు అనుకున్నానండీ’ అని మానేసేవాళ్లు దీనివల్లే ఎక్కువ.

రెజ్యూమె చదివేటప్పుడు

ఎన్ని కోట్ల ప్రాజెక్టు, ఎంతమంది టీమ్ అన్న అంకెలు పక్కన పెట్టి మాటలు చూడండి. లోపా, ట్రిమ్ అండ్ ఫినిష్, ఐటీసీఎం, పీడీఆర్, సీడీఆర్, ఎఫ్‌ఏఐ, బీఎఫ్‌ఈ లాంటి మాటలు సరైన చోట వాడారా? సీట్ల అమరికను చూపే డ్రాయింగ్‌ను లోపా అంటాం. సీట్ల అమరిక మారే పనుల్లో ముందు అదే ఖరారు కావాలి. ట్రిమ్ అండ్ ఫినిష్ అంటే రంగులు, బట్టలు, ల్యామినేట్ల ఎంపిక. ఐటీసీఎం అంటే కస్టమర్‌తో మొదటి సాంకేతిక సమన్వయ సమావేశం. పీడీఆర్ ప్రాథమిక డిజైన్ సమీక్ష, సీడీఆర్ దాని తర్వాత వచ్చే కీలక డిజైన్ సమీక్ష. ఎఫ్‌ఏఐ అంటే ఫస్ట్ ఆర్టికల్ తనిఖీ. బీఎఫ్‌ఈ అంటే ఎయిర్‌లైన్ తానే కొని విమాన తయారీదారుకు అప్పగించే సామాను. సీట్లు ఎక్కువగా ఈ దారిలోనే వెళ్తాయి. అక్కడ ఆలస్యమైతే కొత్త విమానమే ఆగిపోతుంది. 2015, 2016 సంవత్సరాల్లో జోడియాక్ కంపెనీ సీట్లు, టాయిలెట్లు సమయానికి రాక ఎయిర్‌బస్ ఏ350 డెలివరీలు వెనకబడ్డాయి. ఆ తర్వాత 2018లో ఆ కంపెనీ సఫ్రాన్ చేతికి వెళ్లింది. కొన్ని వందల కోట్ల విమానాన్ని ఒక సీటు ఆపగలదని తెలిసినవారి రెజ్యూమెలో సప్లయర్ల పని గురించి కనీసం నాలుగు లైన్లు ఉంటాయి.

బెంగళూరు డిజైన్ ఆఫీసుల్లో సీట్లు, గ్యాలీల మీద పనిచేసి సొంతూరికి రావాలనుకునే అనంతపురం, కడప, కర్నూలు ఇంజనీర్లు మంచి మూలం. జేఎన్‌టీయూ అనంతపురంలోనో, కర్నూలు, నంద్యాల కాలేజీల్లోనో చదివి, పదేళ్లుగా అక్కడే ఉండి, అమ్మానాన్నలకు దగ్గరగా రావాలనుకునేవాళ్లు ఏటా ఉంటారు. వీళ్లలో ఎక్కువమంది డ్రాయింగ్, స్ట్రెస్ లెక్కలు చేసినవాళ్లు. షాపు ఫ్లోరు తక్కువ చూసి ఉంటారు. హైదరాబాద్ నుంచి, అంటే శంషాబాద్ ఎంఆర్‌ఓ (విమానాల మరమ్మతు, నిర్వహణ కేంద్రం), ఆదిభట్ల తయారీ కంపెనీల నుంచి వచ్చేవాళ్లకు తయారీ, తనిఖీ బాగా తెలుసు, డిజైన్ మార్పుల సంగతి తక్కువ. పెనుకొండ చుట్టుపక్కల కార్ల విడిభాగాల కంపెనీల్లో పనిచేసినవాళ్లకు సప్లయర్ల మీద పట్టు ఉంటుంది, రోజువారీ క్రమశిక్షణ ఉంటుంది. కానీ రోజుకు వందల సీట్లు పంపే అలవాటు నుంచి ఏడాదికి ఆరు విమానాల పనికి మారడం తేలిక కాదు. కార్ల దగ్గర చిన్న తేడా వస్తే సాయంత్రానికి డీవియేషన్ (డ్రాయింగ్ నుంచి తేడాకు అనుమతి) సంతకం అయిపోతుంది. ఇక్కడ అదే సంతకానికి డిజైన్ హక్కుదారు ఉన్న దేశంలో తెల్లారే దాకా కాచుకోవాలి.

సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామ్ మేనేజర్లు సర్టిఫికెట్ల జాబితాతో వస్తారు. వారిని మర్యాదగా తిరస్కరించడమే మేలు.

ఫోన్ మీద అరగంట

మొదటి మాట హెచ్ఆర్ కాక ఇంజనీరింగ్ హెడ్ మాట్లాడాలి. నాలుగే ప్రశ్నలు. మీ చివరి ప్రాజెక్టు ఏ విమానం మీద? దాని సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉంది? భాగాలు ఏ రిలీజ్ పత్రంతో బయటికి వెళ్లాయి? కస్టమర్‌తో వారం వారం కాల్‌లో మాట్లాడింది మీరా, మీ పైవారా?

రెండో, మూడో ప్రశ్నలకు తడుముకుంటే అక్కడితో ఆపేయొచ్చు. యాసా ఫారం 1, ఎఫ్‌ఏఏ 8130-3, డీజీసీఏ సీఏ ఫారం 1, మామూలు కన్‌ఫార్మెన్స్ సర్టిఫికెట్ (డ్రాయింగ్ ప్రకారమే చేశామని కంపెనీ రాసిచ్చే పత్రం) మధ్య తేడా తెలియకుండా ఈ రంగంలో ప్రోగ్రామ్ నడిపి ఉండరు. ‘అది క్వాలిటీ వాళ్లు చూసుకునేవారండీ’ అన్న జవాబు వస్తే, ఆ ప్రాజెక్టు నిజంగా నడిపింది వేరొకరని అర్థం చేసుకోవాలి.

ఆలస్యమైన ఒక్క భాగం

ఎదురెదురుగా కూర్చున్నప్పుడు బాగా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. పది ప్రశ్నలు పైపైన అడిగే బదులు, ఆలస్యమైన ఒక్క భాగాన్ని పట్టుకుని అడుగంటా వెళ్లండి. సంభాషణ ఇలా సాగొచ్చు:

‘మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా ఆలస్యమైన భాగం ఏది సార్?’
‘గ్యాలీ లాచ్‌లండీ. సప్లయర్ లేటు చేశాడు.’
‘ఎన్ని వారాలు?’
‘ఆరు వారాలు.’
‘లేటవుతుందని మీకు మొదట ఏ రోజు తెలిసింది?’
‘డెలివరీకి వారం ముందు.’
‘అంతకు ముందు ఆ సప్లయర్ దగ్గరికి ఎవరైనా వెళ్లారా? రా మెటీరియల్ వచ్చిందో లేదో చూశారా?’
‘...’
‘కస్టమర్‌కు ఎప్పుడు చెప్పారు? ఫోన్లోనా, మెయిల్‌లోనా? మెయిల్‌లో మొదటి వాక్యం ఏం రాశారు?’

ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామంది బయటపడిపోతారు. నిజంగా ఆ మెయిల్ రాసినవారికి మొదటి వాక్యం గుర్తుంటుంది, ఎందుకంటే దాన్ని నాలుగైదు సార్లు తిరగరాసి ఉంటారు. తారీఖు, దెబ్బతినే విమానం, తాము ప్రతిపాదించే దారి, ఈ మూడూ మొదటి రెండు వాక్యాల్లో ఉంటే మంచి ప్రోగ్రామ్ మేనేజర్ మీ ఎదురుగా ఉన్నట్టే. సప్లయర్‌ను తిట్టడంతో కథ ముగిస్తే, రేపు మీ కంపెనీలోనూ అదే కథ. ఆలస్యం కావడం ఈ రంగంలో నేరం కాదు. దాచడం నేరం. విమానం హ్యాంగర్‌లో కూర్చునే తేదీ ఎయిర్‌లైన్ నెలల ముందే ఖరారు చేసుకుంటుంది. ఆరు వారాల ముందు తెలిస్తే విమానాన్నే మార్చుకుంటారు, పాత లాచ్‌తో తాత్కాలికంగా పంపే దారి వెతుకుతారు. వారం ముందు తెలిస్తే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

సాంకేతిక ప్రశ్నలు

అంకెలు కంఠతా రావాలన్న పట్టుదల వద్దు. ఏ భాగానికి ఏ పరీక్ష, అది ఎంత ముందు మొదలుపెట్టాలి, ఫెయిలైతే ఏమవుతుంది, ఇవి రావాలి. అడిగేవారికి మాత్రం అంకెలు తెలిసి ఉండాలి కాబట్టి ముఖ్యమైనవి చెప్తాం.

పెద్ద ప్రయాణికుల విమానాల క్యాబిన్ భాగాలకు అమెరికా, యూరప్ నియమావళుల్లోని మంట నియమం 25.853. పైకప్పు, గోడ ప్యానెళ్లు, పార్టిషన్లు, గ్యాలీ నిర్మాణం లాంటి వాటికి 60 సెకన్ల నిలువు మంట పరీక్ష: కాలిన పొడవు సగటున 6 అంగుళాలు, మంట తీసేశాక వెలిగే సమయం 15 సెకన్లు, కారిపడిన చుక్క వెలిగే సమయం 3 సెకన్లు దాటకూడదు. సీటు కవరు బట్ట, కర్టెన్ లాంటి వాటికి 12 సెకన్ల పరీక్ష: 8 అంగుళాలు, 15 సెకన్లు, 5 సెకన్లు. 20 మంది, అంతకన్నా ఎక్కువమంది పట్టే విమానాల్లో పెద్ద ప్యానెళ్లకు వేడి విడుదల పరీక్ష కూడా ఉంటుంది. విడుదలయ్యే వేడి గరిష్ఠ విలువ, మొదటి రెండు నిమిషాల మొత్తం విలువ రెండూ 65 దాటకూడదు కాబట్టి దాన్నే అందరూ 65-65 అంటారు. దానితో పాటు పొగ సాంద్రత నాలుగు నిమిషాల్లో 200 దాటకూడదు. సీటు కుషన్‌ను కవరుతో కలిపి ఆయిల్ బర్నర్ ముందు రెండు నిమిషాలు పెడతారు, సగటు బరువు తగ్గుదల 10 శాతానికి మించకూడదు.

సీట్ల విషయంలో 25.562 ప్రకారం 16 జీ (భూమ్యాకర్షణకు 16 రెట్లు) ముందుకు, 14 జీ కిందికి డైనమిక్ పరీక్షలు. తలకు తగిలే దెబ్బను కొలిచే హెచ్‌ఐసీ విలువ 1000 దాటకూడదు. పార్టిషన్, గ్యాలీ లాంటి వాటికి 25.561 ప్రకారం ముందుకు 9 జీ బలం లెక్క.

వీటి మీద అడగాల్సిన ప్రశ్నలు ఇలా ఉండాలి. సీడీఆర్ అయిపోయాక కస్టమర్ పార్టిషన్ మీది డెకరేటివ్ ల్యామినేట్ రంగు మార్చమన్నాడు, ఏం చేస్తారు? ‘చేస్తాం సార్, కస్టమర్ దేవుడు’ అంటే తప్పు జవాబు. రంగు మారితే ల్యామినేట్ పార్ట్ నంబరు మారుతుంది. పాత పరీక్ష రిపోర్టు దానికి వర్తిస్తుందో లేదో సర్టిఫికేషన్ ఇంజనీరు తేల్చాలి, వర్తించకపోతే కొత్త నమూనాలు కాల్చాలి. డ్రాయింగ్ రివిజన్ పెరుగుతుంది, ఫస్ట్ ఆర్టికల్ తనిఖీలో మెటీరియల్ వివరాలు రాసే ఫారం 2 మళ్లీ నింపాలి, పాత స్టాకు ఏం చేయాలో తేల్చాలి. ఇవన్నీ చెప్పి, ‘చేంజ్ ఆర్డర్ సంతకమయ్యాకే మొదలుపెడతాను, తేదీ ఇంత జరుగుతుందని అదే రోజు చెప్తాను’ అన్నవారిని పట్టుకోండి.

ఇంకొకటి. 40 ప్యానెళ్లలో ఒక రంధ్రం 0.8 మిల్లీమీటర్లు పక్కకు పడింది, అమర్చితే సరిపోతుంది, ట్రక్కు సాయంత్రం బయల్దేరాలి. పంపిస్తారా? సరిపోతుందో లేదో చెప్పే హక్కు ప్రోగ్రామ్ మేనేజర్‌కు లేదు. డిజైన్ హక్కుదారు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఈ ప్రశ్నకు తొణక్కుండా ‘ట్రక్కు ఖాళీగా పోనీ’ అన్న జవాబు రావాలి. ఒత్తిడి పెట్టి చూడండి: ‘ఎండీ గారే పంపమంటున్నారు’ అనండి. అప్పుడూ అదే జవాబు వస్తే ఆ మార్కులు రెట్టింపు చేయండి. 2010లో జపాన్ సీట్ల కంపెనీ కొయిటో పరీక్షల వివరాలు తారుమారు చేసిందని ఆ దేశ రవాణా శాఖ బయటపెట్టింది. ప్రపంచమంతటా సుమారు వెయ్యి విమానాల సీట్లను మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. అలాంటివి ఒక్క రోజులో మొదలు కావు, సాయంత్రం ట్రక్కుతోనే మొదలవుతాయి.

ఎండాకాలం ప్రశ్న

ఇది మన ఊళ్లోనే అడగాల్సిన ప్రశ్న. ప్యానెళ్లకు వాడే ఫినాలిక్ ప్రీప్రెగ్‌ను (రెసిన్ ముందే పట్టించిన ఫైబర్ బట్టను) మైనస్ 18 డిగ్రీల దగ్గర నిల్వ చేస్తారు. మే నెల, గుత్తి దగ్గర మధ్యాహ్నం రెండింటికి దాన్ని తెస్తున్న రీఫర్ (శీతల) ట్రక్కు ఆగిపోయింది. బయట 42 డిగ్రీలు. మెకానిక్ సాయంత్రం ఆరింటికి బాగుచేశాడు. సరుకు రాత్రికి మీ గేటు ముందుకు వచ్చింది. ఏం చేస్తారు?

మంచి జవాబులో వరుస ఉంటుంది. రోల్స్‌ను ఫ్రీజర్‌లో పెట్టి ‘హోల్డ్’ ట్యాగు కట్టాలి, వాడకూడదు. పెట్టెలోని టెంపరేచర్ లాగర్ తీసి గ్రాఫు దించుకోవాలి. గాలి ఉష్ణోగ్రత ఎంత పెరిగింది, సరుకు ఎంత సేపు వెచ్చగా ఉంది అన్నవి వేరువేరుగా చూడాలి. ఫ్రీజర్ బయట గడిచిన గంటలను తయారీదారు డేటాషీటులో అనుమతించిన అవుట్ టైమ్ నుంచి తీసివేయాలి. మిగిలింది చాలకపోతే తయారీదారుకు రాసి, పరీక్షకు నమూనా పంపాలి. ఈలోగా షెడ్యూలులో ఆ ప్యానెళ్లు ఏ విమానానికో చూసుకుని కస్టమర్‌కు మరుసటి పొద్దునే సమాచారం ఇవ్వాలి. బాగా అనుభవం ఉన్నవారు ఇంకో మాట అంటారు: ఫ్రీజర్ నుంచి తీసిన రోల్ గది వేడికి వచ్చేదాకా సంచి విప్పొద్దు, విప్పితే తేమ పట్టి ప్యానెల్‌లో బుడగలు వస్తాయి. ఆ మాట వింటే షాపు ఫ్లోరు మీద నిలబడి చూసిన మనిషని తెలిసిపోతుంది.

తొంభై నిమిషాల కాగితాల పరీక్ష

మాటలకన్నా ఇదే ఎక్కువ చెప్తుంది. ఒకసారి కష్టపడి తయారు చేసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. కల్పిత ప్రాజెక్టు ఒకటి అనుకోండి: 180 సీట్ల విమానాలు మూడు, కొత్త సీటు కవర్లు, ముందు వరుస ఎదుట ఒక క్లాస్ డివైడర్ (తరగతుల మధ్య అడ్డుగోడ). అభ్యర్థి ముందు నాలుగు కాగితాలు పెట్టండి: పర్చేజ్ ఆర్డరు, డివైడర్ పార్ట్స్ లిస్ట్ రివిజన్ సి, మంట పరీక్ష రిపోర్టు, సప్లయర్ల డెలివరీ తేదీల పట్టిక. వాటిలో నాలుగు తప్పులు దాచండి.

మొదటిది, రిపోర్టులో కాల్చిన నమూనాలో వాడిన జిగురు, పార్ట్స్ లిస్ట్‌లోని జిగురు వేరు. తయారీదారు పేరు ఒకటే ఉంచండి, గ్రేడు నంబరులో ఒక అంకె మాత్రమే మార్చండి. ఇది నిజ జీవితంలో ఎక్కువగా జరిగే తప్పు. డ్రాయింగ్ రివిజన్ బి నుంచి సికి మారినప్పుడు ఎవరో జిగురు మార్చి ఉంటారు, రిపోర్టు పాతదే ఉండిపోతుంది. జిగురు పొర కంటికి కనిపించదు కానీ వేడి విడుదల అంకెను దాటించడానికి అదే చాలు. స్కిన్ (పై పొర), హనీకోంబ్ (తేనెపట్టు ఆకారపు మధ్య పొర), జిగురు, ల్యామినేట్, ఆ పొరల వరుస మొత్తం కాల్చిన నమూనాలో ఉన్నట్టే విమానంలోనూ ఉండాలి.

రెండోది, మూడో విమానం హ్యాంగర్‌లోకి వచ్చే తేదీకి పది రోజుల తర్వాత మూడో బ్యాచ్ బట్ట వస్తుంది. పైగా వేరే డై లాటు, అంటే వేరే విడతలో రంగు అద్దిన బట్ట. రంగు తేడా వస్తే మొదటి రెండు విమానాల పక్కన పెట్టి చూసినప్పుడు ఎయిర్‌లైన్ ఒప్పుకోదు. మూడోది, పర్చేజ్ ఆర్డరు రిలీజ్ సర్టిఫికెట్ అడుగుతోంది, పట్టికలో ఉన్న సప్లయర్‌కు ఆ ఆమోదం లేదు. నాలుగోది కాస్త కఠినం: ముందు వరుస ప్రయాణికుడి తల డివైడర్‌కు కొట్టుకునే అవకాశం గురించి ఎక్కడా ఒక్క కాగితం లేదు. దీన్ని పట్టుకున్నవారు సీట్ల సర్టిఫికేషన్‌ను దగ్గరగా చూసినవారు. డిజైన్ మీది కాకపోతే ఈ నాలుగోది పట్టుకోకపోయినా మార్కులు తీయకండి.

అభ్యర్థి చేయాల్సింది రెండు పనులు. కస్టమర్‌కు ఒక పేజీ మెయిల్, తమ టీమ్‌కు సోమవారం నుంచి శుక్రవారం దాకా పనుల జాబితా. పక్కన ఒక ఇంజనీరును కూర్చోబెట్టి, ‘ఏమైనా అడగాలంటే వీరిని అడగండి’ అని చెప్పండి. మొదటి పావుగంటలో ‘సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉంది?’ అని అడిగినవారికి సగం మార్కులు అక్కడే వేసేయొచ్చు. ఏమీ అడగకుండా గ్యాంట్ చార్టు (పనులు, తేదీల పటం) గీయడం మొదలుపెట్టినవారు, చార్టు ఎంత అందంగా ఉన్నా, అనుమానించదగ్గవారే. మెయిల్‌లో ఇంగ్లిష్ వ్యాకరణం కన్నా స్పష్టత చూడండి. మెయిల్ చదివాక కస్టమర్‌కు రేపు తానేం చేయాలో తెలుస్తోందా?

షాపు ఫ్లోరు మీద

పరీక్ష తర్వాత అరగంట షెడ్డులో తిప్పండి. కుట్టే లైను దగ్గర, లేబుల్ అంటించే బల్ల దగ్గర, అనుమానమున్న భాగాలు పక్కన పెట్టే క్వారంటైన్ అర దగ్గర కాసేపు ఆగండి, మీరేం మాట్లాడకండి. వాళ్లే ఏం అడుగుతారో వినండి. సూది విరిగితే ముక్కలన్నీ లెక్క పెడతారా అని టైలరమ్మను అడిగారంటే, ఆమె చెప్పేదాన్ని నిలబడి విన్నారంటే, గొప్ప సంకేతం. ఈ మనిషి రేపు ఆమె దగ్గరికి పోయి ‘అక్కా, ఈ బ్యాచ్ ఎందుకు ఆగింది?’ అని అడిగి నిజం రాబట్టాలి. హోదా చూపించేవారికి ఆ నిజం ఎవరూ చెప్పరు.

ఒక గీత మాత్రం గట్టిగా గీయండి. పాత కంపెనీ డ్రాయింగ్‌నో, టెస్ట్ రిపోర్టునో ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించబోతే అక్కడే ఆపి, ఇంటర్వ్యూ ముగించండి. ఆ కాగితాలు గోప్యత ఒప్పందాల కింద ఉంటాయి, కొన్ని అమెరికా ఎగుమతి నియంత్రణల కిందకూ వస్తాయి. ఇవాళ మీకు వాళ్లవి చూపించినవారు రేపు ఇంకొకరికి మీవి చూపిస్తారు.

మార్కులు, విచారణ, ఆఫర్

ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు కాగితం మీద రాయాలి. లేకపోతే పెద్దవారు ‘మనిషి బాగున్నాడయ్యా’ అనగానే అందరూ తల ఊపుతారు. కాగితాల పరీక్షకు 40, ఆలస్యమైన భాగం సంభాషణకు 30, సాంకేతిక ప్రశ్నలకు 20, ఫ్లోరుకు 10 అని పెట్టుకోవచ్చు. క్వాలిటీ హెడ్‌కు వీటో ఇవ్వండి. ఆ హెడ్‌కూ ప్రోగ్రామ్ మేనేజర్‌కూ పొసగకపోతే ప్రోగ్రామ్ నడవదు.

రిఫరెన్స్ ఫోను పాత బాస్‌కే చేయొద్దు. పాత క్వాలిటీ మనిషికో, ఒక సప్లయర్‌కో చేయండి. అడగాల్సింది ఒక్కటే: ‘చెడ్డ వార్త మీకు ఆయన దగ్గర్నుంచి ముందు వచ్చేదా, వేరేవాళ్ల దగ్గర్నుంచా?’ ప్రస్తుత కంపెనీకి మాత్రం అభ్యర్థి అనుమతి లేకుండా చేయకండి.

ఈ రంగంలో నోటీసు పీరియడ్ 60 నుంచి 90 రోజులు మామూలు. ఆ మూడు నెలల్లో పాత కంపెనీ జీతం పెంచి ఆపేస్తుంది. అందుకని ఆఫర్ ఒప్పుకున్న వారంలోనే ఇంట్లోవాళ్లతో సహా ఊరు చూడటానికి పిలవండి. పిల్లల స్కూలు, భార్యకో భర్తకో ఉద్యోగం, ఆస్పత్రి, ఈ మూడింటి గురించి దాచకుండా చెప్పండి. కాచిగూడ, యశ్వంతపూర్ మధ్య వందే భారత్ 2023 సెప్టెంబర్ నుంచి కర్నూలు, అనంతపురం, ధర్మవరం మీదుగా నడుస్తోంది, కుటుంబం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండిపోయినా వారాంతాలకు వెళ్లిరావచ్చు. వారానికి ఒక రోజు బెంగళూరు నుంచి పనిచేసే వెసులుబాటు ఇస్తే చాలామంది ఆగుతారు. పెళ్లి ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు అన్న ప్రశ్నలు ఆడవాళ్లనూ మగవాళ్లనూ ఎవరినీ అడగకండి. అవి పనికి సంబంధం లేనివి, మంచి అభ్యర్థులు అక్కడే లేచిపోతారు.

బోనస్‌ను డిస్పాచ్ తేదీకి ముడిపెట్టొద్దు. పెడితే పెట్టెలు సమయానికి వెళ్తాయి, కాగితాలు వెనకపడతాయి. కస్టమర్ ఇన్‌స్పెక్టరు భాగాన్ని ఒప్పుకుని సంతకం పెట్టిన రోజుకు ముడిపెట్టండి. ఒక భాగం డాక్యుమెంట్ల లోపంతో తిరిగొస్తే తగ్గించండి.

చేరిన మొదటి నెల కొత్త ప్రాజెక్టు అప్పగించకండి. నడుస్తున్న ఒక ప్రాజెక్టు ఇచ్చి, పార్ట్స్ లిస్ట్‌లోని ప్రతి లైను ఎదురుగా డ్రాయింగ్ రివిజన్, పరీక్ష రిపోర్టు నంబరు, సప్లయర్ ఆమోదం, రిలీజ్ పత్రం, ఈ నాలుగు గడులున్న పట్టిక తయారు చేయమనండి. ఖాళీ గడులన్నీ బయటపడతాయి. మీకు తెలియని ఖాళీలు కూడా కొన్ని ఉంటాయి, వాటిని చూసి కోప్పడకండి. రెండో నెల నుంచి వారం వారం కస్టమర్ కాల్‌ను వారికే అప్పగించి, మీరు మ్యూట్‌లో వినండి. మూడో నెల చివర ఆ పట్టిక మళ్లీ తెరవండి. ఖాళీలు తగ్గాయా, మిగిలిన ఖాళీల ఎదురుగా ఒక పేరు, ఒక తేదీ ఉన్నాయా అన్నది చూసి ప్రొబేషన్ ఖరారు చేయండి.